పోశమ్మతోటి పంచాయితి

జోల్వా, సూరత్
ఏప్రిల్ 2021

బాపూ,

నీ సంతోషి దండం పెట్టి రాస్తున్న. ఫోన్ల చెప్తె నువ్వు నడుమల కోపానికొస్తవు, నేను ఏడుస్త, మాట సగంలనే ఆగుతది. అందుకే కాయితం పట్టిన. జర మొత్తం చదివినంకనే తిట్టు.

రోడ్ల మీద తెలియని మనుషులను ఆపి, "మీరు దేవున్ని నమ్ముతరా?" అని అడిగి నేను వీడియోలు తీసే సంగతి నీకెరుకే. వరాఛాల వజ్రాలు సానపట్టేటోళ్లను, బార్డోలీ బస్సు కోసం నిలబడ్డోళ్లను, ఎవలనైనా అడుగుత. హోలీ ముందట మన తెలంగాణోళ్ల సందు కాడ తీస్తుంటే మెస్ నడిపే సారక్క అత్త రొట్టెలు కొట్టుకుంట, "నన్నడుగవా పిల్లా?" అన్నది. అడిగిన.

పోయినేడు బుచ్చిరాములు మామ కరోనాతోటి పోతే, పెండ్లామైనా ఆమెకు మొకం గూడ చూపియ్యలేదు గద. అత్త కెమెరాల సూటిగ చూసింది. "నమ్ముత. నమ్ముత గన్కనే ఆమెతోటి మాట్లాడుతలేను. ఏటేటా పోశమ్మకు బోనం పెట్టిన. నా పెనిమిటి పానం పోతుంటే ఆమె యాడ కూసున్నది? జవాబు చెప్పేదాంక నా చేతి బోనం ఆమెకు లేదు," అని మళ్ల రొట్టె కొట్టుకున్నది. ఆ వీడియో మస్తుమంది చూసిన్రు.

ఇప్పుడు సందుల మళ్ల జరాలు. మన సందు పెద్దమనిషి రాజమౌళి పెదబాపు కొడుకు నరేశ్ అన్న దవాఖానల పానం ఇడిచిండు. ఆ దుఃఖంల ఉన్న మనిషికి ఎవలో ఆ వీడియో చూపిచ్చిన్రు. ఇగ ఒకటే మాట: సారక్క అమ్మవారిని తిట్టింది, అందుకే సందుకు ఈ గతి. మెస్‌కు ఎవ్వలు పోతలేరు. మొన్న ఆమె పొయ్యిల నీళ్లు పోసిన్రు. రూం ఖాళీ చెయ్యమని సేఠ్ కబురు పంపిండు. ఆదివారం పోశమ్మ గద్దె కాడ అత్త అందరి ముందట ముక్కు నేలకు రాయాల్నట.

బాపూ, నేనొకటి అనుకున్న. వీడియో తీసేసిన. ఆదివారం నేనే లేచి, "ఆ మాటలు అత్తయి కావు, చూసేటోళ్లు పెరుగుతరని నేనే నేర్పి చెప్పిచ్చిన" అంట. అబద్ధమే. గాని ఆమెను ఇడిచిపెడ్తరు. నన్ను సందుల ఉండనిస్తరో లేదో. ఊర్ల ఉన్న నిన్ను గూడ నాలుగు మాటలంటరు. అమ్మకు చెప్పలే. నువ్వు వద్దంటవని తెలిసే, అంతా అయిపోయినంక అందేటట్టు రాస్తున్న.

నీ బిడ్డ,
సంతోషి

జోల్వా
మే 2021

బాపూ,

కాయితం చదివి ఫోన్ చేసినవు గాని ఏం మాట్లాడకుంట పెట్టేసినవు. తిట్టినా బాగుండు. అయిందేందో రాస్తున్న, ఇను.

అనుకున్నట్టే చెప్పిన. "నీ చదువు ఇందుకా?" అన్నడు రాజమౌళి పెదబాపు. ఎవలో ఎనుక నుంచి నా ఫోన్ గుంజబోయిన్రు. సారక్క అత్త అడ్డమొచ్చింది.

"ఈ పిల్ల అబద్ధమాడుతున్నది. ఆ మాటలు నాయే," అన్నది. నా దిక్కు తిరిగి, "నన్ను కాపాడనీకి నా మాటలు గుంజుకుంటవా సంతోషీ? ఆయన పోయినంక నాకు మిగిలినయే అవి," అన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలే.

తర్వాత అందరికి చెప్పింది. "నేను కొట్లాడుతున్నది నా తల్లితోటి. నడుమ మీరెవలు?"

ఇద్దరు ముగ్గురు ఆమె మీదికొచ్చిన్రు. అప్పుడు ఆడోళ్లల్ల నుంచి నరేశ్ అన్న తల్లి నర్సవ్వ పెద్దమ్మ లేచింది. కొడుకు పోయిన కాడికెళ్లి ఆమె ఎవ్వలతోటి మాట్లాడలే బాపూ. నా దగ్గరికొచ్చి, "ఫోన్ పట్టు. నన్ను గూడ అడుగు," అన్నది.

నేను ఫోన్ ఎత్తి పట్టిన. ఆమె మాస్కు కిందికి గుంజుకొని గద్దె దిక్కు తిరిగింది. "తల్లీ, నిన్ను తిట్టింది సారక్క గద. ఒక్కపొద్దులున్నది నేను. మరి నా కొడుకును ఎందుకు తీస్కపోయినవు? ఈళ్లు చెప్పేది నిజమైతే, ఎవలు ఏందో నీకు గింత తెల్వదా?"

పెద్దమ్మ ఆపలే. నరేశ్ అన్న కోసం మంచం దొరకక తిరిగిన దవాఖానలు, ఆటోల ఆయన తల తన ఒళ్లె పెట్టుకున్నది, అన్ని పోశమ్మకు చెప్పింది. ఆమె మాట్లాడినంతసేపు పెదబాపు నేల దిక్కే చూసిండు. ఆపుమని అనలే. ముక్కు రాసుడు సంగతి మళ్ల ఎవ్వలు ఎత్తలే. పెద్దమ్మను చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోయింది సారక్క అత్తనే.

పెద్దమ్మ వీడియో నేను ఎక్కడా పెట్టలే, పెట్ట. అత్తది మాత్రం ఆమె చెప్తె మళ్ల పెట్టిన. సేఠ్ ఇంకా ఏం తేల్చలే. తినేటోళ్లు అంతగనం రాలే.

నిన్న పెదబాపు ఒక్కడే మెస్ కాడికొచ్చిండట. "నర్సవ్వ ఏం ముడుతలేదు సారక్కా. నీ చేతి రొట్టె అయితే తింటనన్నది," అన్నడట. అత్త పిండి కలుపుకున్నది.

నీ మాట కోసం చూస్తున్న,
సంతోషి