పటంలోని పాత వాగు

అమ్మకు, నీ మోకాళ్ళకు నుదురు ఆనించి విరాంతి రాసేది. నేనూ నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. హాంకాంగులో నువ్వు పనిచేసే ఇంటి పెద్దావిడ లేచి నడుస్తోందని రాశావు, సంతోషం.

నాన్న మిరపనారు మళ్ళీ వేశాడు. దగ్గు తగ్గింది. బొమ్మలెందుకు మానేశావని అడిగావు. నీ స్నేహితురాలు సుమిరా పిన్ని ఉత్తరాలు రాయడం లేదేమనీ అడిగావు. పిన్ని లేదమ్మా. నీకు రాయవద్దని నాన్నను నేనే ఆపాను.

డచ్చివాళ్ళ కాలంనాటి భూపటాలు చూసి మన మెరాపి నిప్పుకొండను బొమ్మలుగా వేస్తున్నానని నిరుడు రాశాను కదా. ఒక పటంలో మన వాగు ఇప్పుడున్న చోట లేదు. వెదురుతోపు దగ్గర తూర్పుకు తిరిగి, పిన్ని ఇల్లు కట్టుకుంటున్న నేలమీదుగా పారింది. అక్కడ నీలిరంగు వేసి కుంచె పక్కన పెట్టేశాను. బొమ్మను గోడవైపు తిప్పిపెట్టాను. అయినా ఆ గదిలో కూర్చుంటే రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినబడేది.

గృహప్రవేశంనాడు పిన్ని నాకు పసుపన్నం కొసరి వడ్డించి, "ఈ గోడకు నీ బొమ్మొకటి ఇవ్వవే, వచ్చినవాళ్ళు కుళ్ళుకోవాలి" అంది. వేరే బొమ్మ ఇచ్చాను.

రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, కొండమీద వాన కురిసింది. బూడిదా బండలూ కలిసిన నీళ్ళు పాత దారి పట్టాయి. ఆరేసిన బట్టలు తేవడానికి పిన్ని పెరట్లోకి వెళ్ళిందట. మూడోరోజున దొరికింది.

మొన్న ఆ బొమ్మ తీసుకుని ఆమె భర్త దార్సోనో బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడు వేశావని అడిగాడు. మీరు కిటికీలు బిగించకముందే అన్నాను.

"అయితే మా ఇంట్లో అన్నం తిన్ననాడు నీకు తెలుసు."

"తెలుసు బాబాయ్."

బొమ్మలో పాత వాగు వెంట వేలు నడిపాడు. "ఇంకా ఎవరెవరి ఇళ్ళున్నాయి దీనిమీద? ఇంటింటికీ వెళ్ళి నువ్వే చెప్పు" అన్నాడు.

పదకొండు ఇళ్ళకు వెళ్ళాను. నలుగురు సామాను సర్దుకుంటున్నారు. ఒకావిడ ముఖంమీదే తలుపు వేసింది. ఇంకొకరు నాకు జరగబోయేది ముందే కనబడుతుందనుకుని, తమ పొలం చూసి చెప్పమని చేతులు పట్టుకున్నారు. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది.

పిన్నికి ఎందుకు చెప్పలేదని బాబాయి అడగలేదు. నువ్వు అడుగుతావు. అపశకునం పలికానంటారని భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆమెకు చెబితే నీకూ చెప్పాలి. పన్నెండో ఇల్లు మనది. ఆరేళ్ళుగా నువ్వు ఊరుకాని ఊళ్ళో చాకిరీచేసి కట్టిస్తున్న ఇల్లు.

నాన్నకు రేపు చెబుతాను. ముందు నీకు తెలియాలని రాశాను.

ఇట్లు,
చెప్పవలసిననాడు నోరు మెదపని నీ కూతురు,
విరాంతి