ఆ తూటాలు కాల్చకు

అబ్బులూ,

నిన్న షూటింగ్ క్లబ్బులో నువ్వు నింపిన తూటాలు ఒక్కటీ కాల్చకు. కొత్త గుండ్లు పాతవాటికంటే పొడుగు. గుండును కేసులోకి నొక్కే ప్రెస్సును పాత కొలతలోనే ఉంచేశావు, అందుకే గుండు ఇత్తడి గొట్టంలోకి, అదే కేసులోకి, మరీ లోతుగా దిగింది. లోపల చోటు తగ్గితే ఒత్తిడి పెరిగి పిస్తోలు చేతిలోనే పేలవచ్చు. నింపినవాడే మొదట కాల్చి చూడాలని మన దగ్గర పద్ధతాయె. దుమ్ముగాలికి రేంజి మూయబట్టి నిన్న బతికిపోయాం.

ఆ తూటాల పెట్టె మన మేనేజరు ముదీర్‌కి ఇచ్చెయ్. ఫోన్‌లో చెప్పాను. "గల్తీ ఎవరిది?" అన్నాడు. "మా ఇంటిదే సార్" అన్నాను.

నిన్న మీ అక్క పోయిన తేదీ. పని మధ్యలో నువ్వు కళ్ళు తుడుచుకోవడం చూశాను. నేనూ ఏడుస్తానేమోనని దగ్గరికి రాలేదు.

సామానుకి అబుదాబీ వెళ్తున్నాను.

బావ

కూర ఫ్రిజ్‌లో ఉంది. నీ చేతులు అచ్చం మీ అక్క చేతులేరా. జాగ్రత్త.