హెలెన్ ఇచ్చిన బియ్యం

పెత్రమాస, ఆదివారం రాత్రి

మా మేడమీద కిరాయికున్న ఇంగ్లండు పిల్ల హెలెన్‌కు మొన్న డీఎన్ఏ రిపోర్టు వచ్చింది. మనల్ని ఏలినంత కాలం వాళ్లోళ్లు మేమే అసలు ఇంగ్లీషోళ్లమన్నరు. విప్పి చూస్తే ఐర్లండు, ఫ్రాన్సు, నార్వే కలిసిన కిచిడీ. అడుగున కొంచెం హిందుస్తాన్ గూడ ఉన్నది. ఇంగ్లీషు పల్టన్‌ల ఫౌజీగ పనిచేసిన ముత్తాత ఒకాయన ఇక్కడి ఆమెను చేసుకున్నడట. వాళ్లింటి పాత కాయితాల్ల ‘దేశీ స్త్రీ’ అని ఉన్నది గానీ ఆమె పేరు లేదు. ఆ పేరు కోసమే పిల్ల తిండి మానేసి తిరుగుతున్నది.

ఇయ్యాల పెత్రమాసని నేను పోయిన పెద్దల పేరు మీద గుడిల అయ్యగారికి బియ్యం ఇయ్యబోతుంటే, తనూ ఒక పళ్లెం నింపుకొని వచ్చింది.

“గోత్రం?” అన్నరు అయ్యగారు.

“రిపోర్టుల అదొక్కటే రాయలేదు అయ్యగారూ” అన్న నేను.

“తెల్వకపోతే కశ్యప గోత్రం అందాం. ఎవరి పేరు మీద ఇస్తున్నవో చెప్పు బిడ్డా.”

హెలెన్ నా మొఖం చూసింది.

“వాళ్ల ముత్తవ్వ పేరు రాసే తీరిక ఆమెను చేసుకున్న దొరకు దొరకలేదట” అని నేనే అందుకున్న.

అయ్యగారు నా దిక్కు తిరిగిండ్రు. “మీ అమ్మ దిక్కు మూడు తరాల ఆడోళ్ల పేర్లు చెప్పుండ్రి టీచరమ్మా.”

అమ్మ పేరు చెప్పిన, అమ్మమ్మ పేరు చెప్పిన. ఆమె తల్లి పేరు దగ్గర నోరు పెగల్లేదు. ముప్పై ఏండ్లు పిల్లలతోటి రాజుల వంశాలు అప్పజెప్పించిన నోరు ఇది! ఆమెను ఇంట్ల అందరూ ముసలమ్మ అనేటోళ్లు. పేరేందని నేనెప్పుడూ అడగలేదు. తప్పు మోపనీకి మా ఇంట్ల ఏ దొరా లేడు.

మా ఇద్దరి బియ్యం ఒకటే గంపల పోసిండ్రు. హెలెన్ నా చెయ్యి పట్టుకుంది.

పొద్దున లేవంగనే పెద్దక్కకు ఫోన్ చేసి ముసలమ్మ పేరేందో అడగాలె. అక్కకు గూడ యాదికి లేకపోతే…