మేకుకున్న అంగి

ఏప్రిల్ 4, శుక్రవారం

ఖానావళిలో భోజనాలకు పెరుగు మళ్ళీ తక్కువ పడింది. చివర కూర్చున్న ఇద్దరికీ మజ్జిగే. రేపటి నుంచి పాలు ఒక లీటరు ఎక్కువ. కోడలికి చెప్పాను.

శ్రావణి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పి గోడకేసి విసిరింది. మనవరాలైతే మాత్రం — అవి తీసి సర్దేదాకా నేను నోరు విప్పలేదు. సర్దింది. అప్పుడు చెప్పింది. సోలాపూర్ హైవే మీది కొత్త హోటల్లో తలుపు దగ్గర దాని డ్యూటీ. ఇవాళ ఒకాయన్ని వెనక్కి పంపిందట. కాళ్లకు రబ్బరు చెప్పులు.

"కార్ఖాన మాలక్ అవ్వా. మా అసువంటోళ్లను పదిమందిని పనికి పెట్టుకుంటడు. గాయన్ని నేను పో అనాలె."

నెలాఖరుకు దాన్ని పర్మనెంట్ చేస్తారో లేదో తేలుతుంది. తలుపు దగ్గర ఒక్క పొరపాటు జరిగినా చేయరు.

చెప్పులు ఎవరి భోజనానికి అడ్డమొస్తాయి? నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఏప్రిల్ 5, శనివారం

నర్సయ్య ఇవాళ కూడా బనియన్‌తోనే వచ్చాడు. మగ్గాల దగ్గర నుంచి నేరుగా. కనుబొమల మీద కూడా దూది. గడపలోనే ఆపి గరిటెతో మేకు చూపించాను. మేకుకున్న నీలం అంగి తొడుక్కుని కూర్చున్నాడు.

"సర్కారీ అంగి, సర్కారీ బువ్వ. ఇగ పింఛనొక్కటే తక్కువ వదినె."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వడ్డిస్తున్నప్పుడు నవ్వను.

అంగి లేనిదే ఈ ఖానావళిలో పళ్లెం పెట్టను. గోడ మీద తెలుగులో, మరాఠీలో నేనే రాశాను. మిగతావాళ్లు తమ అంగి వేసుకునే వస్తారు. లేకుండా వచ్చేవాళ్ల కోసం మేకుకు ఒకటి. సాయంత్రం దాన్ని నేనే ఉతుకుతాను — కోడలికి ఇవ్వను.

తింటూ తింటూ శ్రావణి అన్నది — "అవ్వా, నీది గూడ డ్రెస్ కోడే."

"నాది సఫాయి. దూది పప్పుల పడ్తది."

"మా మేనేజర్ గూడ గదే అంటడు. సఫాయి అని."

అంగి తొడిగితే దూది పడదా? రేపు చూడాలి.

ఏప్రిల్ 6, ఆదివారం

చూశాను. నర్సయ్య జుట్టు మీంచి అంగి మీదికి, అంగి మీంచి పప్పులోకి. వేలితో తీసి పక్కన పెట్టి తిన్నాడు.

అయితే అంగి ఎందుకు?

ఏప్రిల్ 8, మంగళవారం

శ్రావణితో బస్సెక్కి వెళ్లి ఆ హోటల్ చూసి వచ్చాను. కావాలనే రబ్బరు చెప్పులు వేసుకున్నాను. ఎవరూ ఆపలేదు!

మేనేజర్ చిన్నవాడే, మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆడవాళ్లకు చెప్పులు నడుస్తాయట, మగవాళ్లకు నడవవట. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు? నడుస్తుంది, అది ఫ్యాషన్. చిరుగులేని లుంగీ? నడవదు. మేడ మీద బార్‌లోకైతే బూట్లు తప్పనిసరి.

కారణం అడిగాను. మరాఠీలో చెప్పాడు.

"కుటుంబాలతో వస్తారు ఆజీ. ఎవరో లుంగీ పైకెత్తి కూర్చుంటే వాళ్లకు ఇబ్బంది."

ఎవరైనా అలా చెప్పారా అన్నాను. ఎవరూ చెప్పలేదట. చెప్పేదాకా ఆగకూడదట. ఆ మాట నాకు నచ్చింది. నేనూ ఎవరైనా అడిగేదాకా ఆగను.

అంతలో మేడ మీంచి ఒకడు తూలుతూ దిగాడు. పూలకుండీని పట్టుకుని నిలబడి దానికే ఏదో చెప్పుకున్నాడు. శ్రావణి తలుపు తెరిచి పట్టుకుంది. అతని బూట్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

ఏప్రిల్ 9, బుధవారం

శ్రావణికి చెప్పాను — వెనక్కి పంపడమెందుకు, మీరూ మేకు పెట్టుకోండి. నాలుగు ప్యాంట్లు, నాలుగు జతల బూట్లు. లేనివాళ్లకు ఇవ్వండి, వెళ్లేటప్పుడు తీసుకోండి.

"నవ్వుతరు అవ్వా."

"అడిగి చూడు. నవ్వితే ఏం పోతది?"

ఏప్రిల్ 11, శుక్రవారం

నవ్వలేదు! మేనేజర్ ఒప్పుకున్నాడు. నల్ల ప్యాంట్లు తెప్పించారట. ఈ ఆలోచన ఎవరిదంటే మా అవ్వది అని చెప్పిందట శ్రావణి.

చారులో ఉప్పు సరిగ్గా పడింది. ఇవాళ అన్నీ సరిగ్గా పడ్డాయి.

ఏప్రిల్ 15, మంగళవారం

నర్సయ్య కూతురు లావణ్యకు మొదటి పగార్ వచ్చింది, నెల జీతం. ప్రైవేటు దవాఖానాలో నర్సు. తండ్రిని పెద్ద హోటల్‌కు తీసుకుపోతుందట — శ్రావణి ఉన్న హోటల్‌కే. తల్లి లేని పిల్ల, తండ్రి తప్ప ఎవరున్నారు.

అతను భోజనం ముగించి కూడా లేవలేదు.

"అక్కడ ఏమేం ఇస్తరు వదినె? చెంచాతోనే తినాల్నా? చెయ్యితోని తింటే ఏమన్న అంటరా?"

చేత్తోనే తిను, నేను చూశాను, చాలామంది తింటున్నారు అన్నాను. కొత్త లుంగీ కొన్నాడట. తెల్ల అంగికి గంజి పెట్టించాడట.

లుంగీ సంగతి నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. ప్యాంట్లు ఉన్నాయి కదా, శ్రావణి ఉంటుంది కదా అనుకున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

శ్రావణి చెప్పింది చెప్పినట్టు —

తలుపు తెరిస్తే ఎదురుగా నర్సయ్యేనట. చిన్నప్పుడు దాన్ని భుజాన ఎక్కించుకుని బడికి తీసుకుపోయినవాడు. వెనక మేనేజర్ నిలబడి ఉన్నాడు. ఎట్లాగో అన్నది — "కాకా, జరా ఈ ప్యాంటు..."

లావణ్య వెంటనే, "నడువు నాయినా, పోదాం. ఇంకో హోటల్ లేదా సోలాపూర్ల!"

అతనే అన్నాడట, "ఉండు బిడ్డా. గా పిల్ల నోక్రీ గది. తే శ్రావణీ, గది తే."

నడుముకు చాలా వదులు. బెల్టు లేదు. తిన్నంతసేపూ ఎడమ చేత్తో నడుము దగ్గర పట్టుకునే కూర్చున్నాడట. కొత్త లుంగీ మడతపెట్టి కుర్చీ కింద సంచిలో. లావణ్య ఏవేవో తెప్పించింది, తాను మాత్రం తినలేదు. వెళ్లేటప్పుడు ప్యాంటు మడత నలగకుండా తిరిగి ఇచ్చాడట.

మేనేజర్ శ్రావణిని మెచ్చుకున్నాడు. గొడవ లేకుండా బాగా చేశావు అని.

చెప్పడం అయ్యాక బూట్లు విప్పి తనే సర్దింది. నేను గ్లాసుతో నీళ్లిచ్చాను.

నర్సయ్య ఇవాళ భోజనానికి రాలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

రాలేదు. రొట్టె, పల్లీలు దంచిన శేంగా చట్నీ మూతపెట్టి ఉంచాను. చివరికి నేనే తిన్నాను.

ఏప్రిల్ 19, శనివారం

రాలేదు. అంగిని ఎవరూ వేసుకోలేదు. అయినా ఉతికాను.

ఏప్రిల్ 21, సోమవారం

కార్ఖానాకు వెళ్లాను. ఆ కరెంటు మగ్గాల మోతలో చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. నర్సయ్య బనియన్, చడ్డీతో మగ్గాల మధ్య నిలబడి ఉన్నాడు. లుంగీ కడితే మగ్గం బెల్టు లాగేసుకుంటుంది, అక్కడ ఎవరూ కట్టరు. అతని అంగి గోడకు వేలాడుతోంది, కాగితం చుట్టి.

నన్ను చూసి బయటికి తీసుకొచ్చాడు.

"ఎందుకస్తలేవు?"

నవ్వాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"గా ప్యాంటు జేబుల ఎవడిదో పన్ను పుల్ల ఉండె వదినె. వాడినది. నాకన్న ముందుగాల ఎవడో తొడిగిండు, ఎవరూ ఉతకలే. బువ్వ తిన్నంతసేపు గదే యాదికి రావట్టె."

"నా అంగి నేను రోజూ ఉతుకుతా."

"ఎర్కే. నీ అంగి నాకు మంచిదే. నా అంగి కార్ఖాన్ల ఉంటది, ఈ దూది మీద తొడిగితే సాయంత్రం ఇంటికి కుంభారి బస్సుల ఎట్ల పోను? అందుకే నీది తొడుగుత. నీకు ఉతుకుడు తప్పదు గదా."

అంటే ఇన్నేళ్లుగా నేను అతనికి నియమం నేర్పుతున్నాననుకున్నాను. అతను తన అంగి మాయకుండా కాపాడుకుంటున్నాడు! దారంతా నవ్వుకుంటూనే వచ్చాను.

కానీ వస్తాడా అంటే — "లావణ్య ఒట్టు పెట్టింది."

ఏప్రిల్ 22, మంగళవారం

ఆయనతో కేరళ యాత్రకు పోయినప్పటి సంగతి గుర్తొచ్చింది. అక్కడి గుడిలో మగవాళ్లు అంగి విప్పాలి, పంచె కట్టాలి. మా ఆయన ప్యాంటుతో ఉన్నాడు. గుమ్మం దగ్గరే అద్దె పంచెలు. కట్టుకుని, బొజ్జ నిమురుకుంటూ, "ఎట్లున్న?" అని అడిగాడు. ఎంత నవ్వామో.

అక్కడ విప్పితేనే లోపలికి, ఇక్కడ తొడిగితేనే లోపలికి. అదీ అద్దె బట్టే, ఇదీ అద్దె బట్టే. ఆయన నవ్వాడు. నర్సయ్య నడుము పట్టుకుని కూర్చున్నాడు. తేడా ఎక్కడ?

గుడిలో అందరూ అట్లాగే ఉన్నారు. హోటల్లో అతనొక్కడే.

మరి నా దగ్గర? నీలం అంగిలోనూ అతనొక్కడే కదా.

ఏప్రిల్ 24, గురువారం

లావణ్య వచ్చింది. నైట్ డ్యూటీ దిగి నేరుగా, కళ్లు ఎర్రగా. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దమ్మా, మా నాయినకు అంగీలు లేవా? బీఏ చదివిన మనిషివి, నువ్వే చెప్పు. ఆడ ప్యాంటు, ఈడ అంగి. పోయిన కాడల్ల ఇంకొకల్ల బట్టలే తొడగాల్నా?"

"నీ నాయినకు నా అంగితోని కష్టం లేదట. అడిగి చూడు."

"ఆయనకు దేనితోని కష్టముంటది? ప్యాంటు గూడ మంచిగనే ఉండె అన్నడు. నేను సూసిన గదా చెయ్యి ఎక్కడున్నదో."

పిల్ల మొదటి పగార్...

వెళ్తూ గోడ మీది రాత పైకి చదివింది. తెలుగు ఒకసారి, మరాఠీ ఒకసారి.

"ఎవరి కోసం రాసినవ్ పెద్దమ్మా ఇది?"

ఏప్రిల్ 26, శనివారం

ఎవరి కోసం రాశానో ఇవాళ గుర్తొచ్చింది. దూది కోసం కాదు. బీడీల కార్ఖానాకు పోయే రాజవ్వ, ఆమెతో వచ్చేవాళ్లు మొదట్లో బనియన్ల మగవాళ్ల నడుమ లోపల కూర్చునేవాళ్లు కాదు. గుమ్మం దగ్గరే పొట్లం కట్టించుకుని, ఎండలో ఎక్కడో నిలబడి తినేవాళ్లు. నేను అంగి నియమం పెట్టిన తర్వాతే ఆ ముందు బెంచీ వాళ్లదయింది. దూది అని చెప్పడం సులువు, అందుకే అట్లా చెప్పాను. చెప్పి చెప్పి నేనే నమ్మాను.

రాజవ్వను అడిగాను, అంగి తీసేస్తే ఎట్లా ఉంటుందని. నర్సయ్య ఒక్కడి కోసం.

రొట్టె విరుస్తూనే అన్నది — "నర్సన్న మంచోడే అక్కా. ఆయన ఎట్లొచ్చినా నాకేం గాదు. కాని ఆయనెనక గా కొత్త పోరగాండ్లు నలుగురొస్తరు. తీస్తే తియ్యి. నాకు మాత్రం మళ్ల పొట్లం కట్టియ్యి."

ఆ హోటల్ మేనేజర్ కుర్రాడు చెప్పిన మాటే. చెప్పేదాకా ఆగకూడదు.

ఏప్రిల్ 28, సోమవారం

శ్రావణిని పర్మనెంట్ చేశారు. కాగితం తెచ్చి దేవుడి ముందు పెట్టింది. సంతోషమే. పాయసం చేశాను, బెల్లం ఒక పిడికెడు ఎక్కువ పడింది, పడనీ.

ప్యాంట్లు తీసేశారట. ఎవరో పెద్దమనిషి వేసుకుని అట్లాగే కారెక్కి వెళ్లిపోయాడు. ఆయన వదిలిన షార్ట్స్ ఇంకా హోటల్లోనే ఉన్నాయి. శ్రావణి ఇదివరకటిలాగే తలుపు దగ్గర "సారీ సర్" అంటుంది.

"ఈసారి కాకా అస్తే ఏం చెయ్యాలె అవ్వా?"

ఆ ప్రశ్న నన్నెందుకు అడుగుతుందో.

ఏప్రిల్ 30, బుధవారం

సాయంత్రం నర్సయ్య గుమ్మం దాకా వచ్చాడు. తెల్ల అంగి, కుంభారి బస్సుకు టైమయిందన్న తొందర. లోపలికి రాలేదు.

"రేపు పగటీలి వస్త వదినె. లావణ్య గూడ వస్తదట, సుట్టి పెట్టింది."

"రా. అడగాల్నా?"

"బనియన్ మీదనే రమ్మన్నది. మేకు దిక్కు సూడొద్దన్నది. పెడితే తిను, పెట్టకుంటే లేచిరా అన్నది."

"నీ సొంత అంగి తొడుక్కుని రారాదు? ఒక్క దినం. ఆ బనియన్ గూడ కనబడదు, పిల్ల మాట గూడ —"

"నేను గదే అన్న. అంగి గాదు నాయినా, గిది వేరే అంటది. మీ ఇద్దరు సదువుకున్నోళ్లు నన్ను నడుమ ఇరికిచ్చిన్రు పో."

నవ్వుతూనే అన్నాడు. వెళ్తూ మాత్రం వెనక్కి తిరిగి, మెల్లగా — "ఈడ బువ్వ తినక ఒంటికి పట్టినట్టే లేదు వదినె."

రేపు మధ్యాహ్నం ముందు బెంచీ మీద రాజవ్వ ఉంటుంది. గడపలో నర్సయ్య ఉంటాడు, వెనకాల లావణ్య. గరిటె నా చేతిలో.

పప్పు, వంకాయ, రొట్టెలు. ముగ్గురికీ కలిపే లెక్క వేశాను. అక్కడిదాకా తేలింది.

నీలం అంగి బకెట్లో నానుతోంది. ఈ ఎండలకు ఆరేస్తే పది నిమిషాలు పట్టదు. నేనే ఇంకా పిండలేదు.