నీ చొక్కా విప్పించినవాణ్ణి

నా దర్జీ తమ్ముడికి,

ఎవరిని అడిగి వెళ్తున్నావురా? మందుపాతరలు తీసే దళంలో పేరు రాయించుకున్నావనీ, నాలుగింటికి లారీ కదులుతుందనీ నీ పక్క కొట్టాయన చెబితే తెలిసింది. "ఒకడి ప్రాణం తిని బతుకుతున్నాను, ఇక చాలు" అన్నావట. ఆ మాట నీది కాదు. మూడేళ్లుగా పాస్టరుగా చర్చి వేదిక మీద నుంచి నేను నీ చెవిలో పోసింది.

యుద్ధంలో మీ కందకంలో గ్రెనేడ్ పడితే, నా సొంత తమ్ముడు దాని మీద పడుకుని నిన్ను బతికించాడు. అది నిజం. తర్వాతిదంతా నా వంటకం. ఆదివారం వస్తే చాలు, నిన్ను ముందుకు పిలిచి, చొక్కా విప్పించి, వీపు మీది మచ్చలు చూపించి, "వీడి కోసమే నా తమ్ముడు బలయ్యాడు!" అని అరిచాను. జనం ఏడ్చేవారు. నువ్వు గుండీలు పెట్టుకోలేక తడబడుతుంటే నేను బైబిల్లో తర్వాతి వాక్యం తీసేవాణ్ణి. నమ్మని శిష్యుడు తోమాకు ప్రభువు తన గాయాలు తానే చూపించాడు. నీ గాయాలు చూపించమని నాకెవరు చెప్పారు?

ఇంకొకటి. నా తమ్ముడు ప్రార్థిస్తూ పోయాడని చెప్పాను. అబద్ధం. యుద్ధం నుంచి వచ్చిన మొదటిరోజే నువ్వు మా వంటింట్లో చెప్పావు, నిన్ను అవతలికి నెడుతూ, "జరగరా దర్జీ, చోటంతా నువ్వే ఆక్రమించావ్!" అన్నాడని. అమ్మ ఏడుస్తూనే నవ్వింది, "అచ్చం మావాడే" అంది. నాకేమో అది ప్రసంగానికి పనికిరాదనిపించింది. వాడి నోట్లో నా ప్రార్థన పెట్టి, నీ చేత తల ఊపించాను.

ఇవాళ ఇదంతా అమ్మకు చెప్పి బైబిలు తెరవబోతే మూయించింది. "తర్వాత చదువుదువుగానీ, ముందు వాణ్ణి పట్టుకురా. మావాడు నెట్టింది బతకమని. మళ్లీ అందులోకే దూకుతాడా వీడు?"

పాతరలు ఎవరో ఒకరు తీయాల్సిందే. పని కోసం వెళ్తే ఆపను. నువ్వు చావు కోసం వెళ్తున్నావు. తప్పిపోయిన గొర్రె గురించి గొంతు చించుకున్న నేనే నిన్ను మంద నుంచి తరిమాను. వచ్చే ఆదివారం నిలబడి అన్నీ ఒప్పుకుంటాను. నువ్వు గుండీలన్నీ పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చో. రావాలనిపించకపోతే ఇంట్లోనే మిషను తొక్కుకో.

నా మొహం చూస్తే దిగవని ఈ ఉత్తరం అమ్మ చేతికిస్తున్నాను. లారీ ఆగిన ఆవరణ గేటు బయటే ఉంటాను. మూడున్నర అవుతోంది. సంచీ దించు. అమ్మ చెయ్యి పట్టుకో. ఆదివారం దాకా ఆలోచిస్తానని అనకు. ఇవాళే, ఆ లారీ కదలకముందే, దిగు తమ్ముడూ!

వాడికీ నీకూ
అన్న