వాన దించిన మట్టి

ఆక్లాండ్, 2006

హాన్స్ అంకుల్,

బతికున్నప్పుడే మీకు తెలుగు రాదు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. మీ అబ్బాయి ద్రాక్షతోటను ఇళ్ల ప్లాట్లకు అమ్మేశాడు. సోమవారం తీగలన్నీ పీకేస్తారు. నిన్నటి వానకి వాలులో మట్టంతా కిందికి జారింది. అది చూశాక నాకు కాలు ఒకచోట నిలవలేదు.

జర్మనీలో మీ ఆర్ లోయ రైతులు, వాన దించిన మట్టిని తరతరాలుగా వీపుబుట్టల్లో మళ్లీ తీగల మొదళ్లకు మోసేవాళ్లని మీరు చెప్పేవారు. ఇక్కడ మాచేతా మోయించారు. మోసినంతసేపూ మిమ్మల్ని తిట్టుకునేవాణ్ణి.

పొద్దున్నే మీ బుట్ట తగిలించుకున్నాను. నాతో పనిచేసే శీను, "పీకేసే తోటకి మట్టెందుకన్నా? పిచ్చా?" అన్నాడు. నేను బుట్టలో మట్టి నింపుకుని వాలెక్కాను.

ఐదోసారి కిందికి దిగేసరికి వాడూ బకెట్ నింపుతున్నాడు, అచ్చం నాలాగే మిమ్మల్ని తిట్టుకుంటూ.

మీ
రమేశ్