కిటికీ వైపు కుర్చీ

జూలై 8
హెడ్ మేడమ్ నలభై ప్రశ్నల షీట్లు నా నెత్తిన పెట్టారు. ట్యూటర్ అంటే ఇంతే. ఇంగ్లీషు మీకు ఎలా ఎక్కుతుంది: చూస్తే, వింటే, చేస్తే, గుంపులో, ఒంటరిగా? ఏది టిక్ పెడితే అది వాళ్ళ 'లెర్నింగ్ స్టైల్' అట; దాన్ని బట్టి క్లాసును విడగొట్టాలి. ఆవిడ రీసెర్చ్ పేపరు దీని మీద. నా కాంట్రాక్టు ఆవిడ సంతకం మీద.

జూలై 11
క్లాసులో ముప్పావు వంతు 'వింటే' అని టిక్ పెట్టింది. మేడమ్ మురిసిపోయారు. లిజనింగ్ ల్యాబ్‌కి తప్ప ఈ బిల్డింగులో దేనికీ ఏసీ లేదని ఆవిడకు ఎవరు చెప్పాలి? అందరూ రేడియో అని పిలిచే కుర్రాడు మాత్రం దాచలేదు. ఫ్యాన్ కింద తన చెవులు పనిచేయవట.

'ఒంటరిగా' అన్నది ఒక్కతే, చివరి బెంచీ పిల్ల. ఇంగ్లీషు ఓరల్ పరీక్ష ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది. వాళ్ళ పెదనాన్న చదువు మాన్పించి తీసుకుపోతానన్నాడట.

జూలై 12
ఆమెకు ల్యాబ్‌లో మూల క్యాబిన్, హెడ్‌సెట్. స్టైల్ ప్రకారం.

జూలై 16
ఇంకో మూడు చోట్ల అప్లై చేశాను. ఉలుకూ పలుకూ లేదు. ఇదీ పోతే అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

జూలై 19
క్యాబిన్ పక్క నుంచి వెళ్తున్నాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. హెడ్‌సెట్ వైరు దేనికీ తగిలించకుండా వేలాడుతోంది. పొద్దున లేచింది మొదలు ఏమేం చేసిందో తనకు తానే ఇంగ్లీషులో చెప్పుకుంటోంది. తప్పులున్నాయి, ఆగడం మాత్రం లేదు. నన్ను చూడగానే నోరు మూతపడింది. హెడ్‌సెట్ తీసి, తల దించుకుని అంది:

"ఒంటరిగా ఉండటం ఇష్టమని కాదక్కా. ఎవరూ నా మొహం చూడకపోతే మాట వస్తుంది."

నలభై ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.

జూలై 22
మేడమ్‌కి చెప్పాను. ఎవరినీ కదపొద్దు, డేటా పాడవుతుంది అన్నారు. తలూపి వచ్చాను. తలూపడంలో నాకు గోల్డ్ మెడల్ ఇవ్వొచ్చు.

జూలై 24
ల్యాబ్ ఏసీ చచ్చింది. వినేవాళ్ళంతా మెట్ల మీదకు చేరారు. ఇప్పుడు స్టైల్ మార్చుకోవచ్చా అని రేడియో అడిగాడు.

ఆ పిల్లను ఖాళీ క్లాసులోకి తీసుకెళ్ళాను. నా కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. కాసేపటికి నా వీపు వెనక మాటలు మొదలయ్యాయి. బెల్ కొట్టేదాకా ఆగలేదు.

జూలై 30
ఓరల్. మేడమ్, పక్కన బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్. ఎదురుగా ఆ పిల్ల, బిగుసుకుపోయి. మేడమ్ సున్నా వేయడానికి పెన్ను తీశారు. నా నోరు నన్ను అడగలేదు.

"మేడమ్, కాస్త కిటికీ వైపు తిరుగుతారా?"

ఆవిడ చూసిన చూపుకే నా కాంట్రాక్టు చిరిగిపోయింది. కానీ ఆ పెద్దమనిషి అప్పటికే కుర్చీ తిప్పేశాడు. ఇక ఆవిడకూ తప్పలేదు.

ముందు ఒక మాట. తర్వాత వరసగా మాటలు.

ఆగస్టు 2
పిల్ల పాసైంది. నన్ను రేపటి నుంచి రావద్దన్నారు.

అమ్మ ఎదురుగా కూర్చున్నాను, చెప్పలేకపోయాను. లేచి గోడ వైపు తిరిగాను. మాట వచ్చింది.